గదిలో నాలుగో మంచం

టీవీ రిమోట్‌లో ఒక మీట నొక్కితే బయటికి వెళ్లే మాట చాలా చిన్నది. కొండాపూర్‌లో ఒక ఆఫీసులో టీవీలకు, సెట్‌టాప్ బాక్సులకు, ఏసీలకు రాసే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం నా ఉద్యోగం. అందుకని ఆ మాటను రోజూ విడదీసి చూస్తుంటాను. ఎన్‌ఈసీ అని పిలిచే పద్ధతిలో ముందు 9 మిల్లీసెకన్ల పాటు గట్టి పిలుపు, వెంటనే 4.5 మిల్లీసెకన్ల మౌనం, తర్వాత 32 బిట్లు. మొదటి 8 బిట్లు ఏ పరికరాన్ని పిలుస్తున్నామో చెబుతాయి. తర్వాతి 8 అదే సంగతిని తిరగేసి చెబుతాయి. మూడో 8 బిట్లలో చేయాల్సిన పని, చివరి 8లో మళ్లీ దాని తిరగేత. ఎండో, ట్యూబ్‌లైటో అడ్డొచ్చి మధ్యలో మాట చెడితే రెండింటికీ పొంతన కుదరదు, టీవీ ఆ పిలుపును వదిలేస్తుంది. మొత్తం వ్యవహారం 70 మిల్లీసెకన్లు కూడా పట్టదు.

ఇందులో పిలుపు అందుకునే పరికరానికి చోటుంది. పనికి చోటుంది. సరిగా వినబడిందో లేదో చూసుకోవడానికి కూడా చోటుంది. పిలిచిన మనిషికి మాత్రం చోటు లేదు. ఇంటావిడ నొక్కినా, అద్దెకున్నావిడ నొక్కినా, కింద సందులో నిలబడి కిటికీ గుండా ఎవరో నొక్కినా టీవీకి ఒకటే. అలాగే ఆ పని ఎవరి గదిలో, ఎవరి నిద్ర మీద పడబోతోందన్నదానికీ అందులో చోటు లేదు. ఈ రెండు ఖాళీల్లో మొదటిదాన్ని చూసే అందరూ భయపడతారు. నాకు రెండోదే అసలు ప్రశ్న అనిపిస్తుంది. యంత్రాల దగ్గర మొదలై దేవుడి దాకా వెళ్లే ప్రశ్న అది.

రిమోట్ చేసే పని నా ఫోన్ కూడా చేస్తుంది. అది రెడ్‌మీ నోట్. దాని పై అంచున నల్లటి చుక్క ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని మైకు అనుకుంటారు. నిజానికి అది 940 నానోమీటర్ల దగ్గర వెలిగే చిన్న ఎల్‌ఈడీ. 700 దాటితే ఎరుపు మన కంటికి దాదాపు అయిపోయినట్టే, కాబట్టి ఆ చుక్క వెలుగుతున్నా మనకు చీకటే. 1800లో విలియం హెర్షెల్ ఎండను పట్టకం గుండా పంపి ఒక్కో రంగులో ఎంత వేడి ఉందో కొలిచాడు. ఎరుపు అంచు దాటాక, ఏ రంగూ లేని చోట ఉష్ణమాపకం పెడితే అక్కడ వేడి ఇంకా ఎక్కువగా కనబడింది. కన్ను వదిలేసినదాన్ని అలా వేడిని బట్టి పట్టుకున్నారు. నా ఫోన్లోని చుక్క ఆ కనబడని వెలుతురునే, పరారుణాన్నే, సెకనుకు సుమారు 38 వేల సార్లు ఆర్పి వెలిగిస్తుంది. గదిలో ఉన్న మిగతా వెలుతురులన్నిటి మధ్య తన పిలుపును ఏసీ గుర్తుపట్టేది ఆ లయను బట్టే.

2013లో శాంసంగ్ గెలాక్సీ ఎస్4, హెచ్‌టీసీ వన్ లాంటి ఖరీదైన ఫోన్లలో ఈ చుక్క పెట్టారు. ఆ ఏడాదే వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 దాన్ని ఏ యాప్ అయినా వాడుకునే వీలిచ్చింది. తర్వాత పెద్ద కంపెనీలు ఒక్కొక్కటే తీసేశాయి. షావోమీ మాత్రం మామూలు జీతగాళ్లు కొనుక్కునే ఫోన్లలో దాన్ని ఉంచింది. యాప్ తెరిచి, ఏసీ కంపెనీ పేరు ఎంచుకుని, పవర్ మీట నొక్కి చూడాలి. పనిచేసిందా అని యాప్ అడుగుతుంది. అవునంటే అంతే, ఆ ఏసీ ఎవరిదైనా సరే మన జేబులోకి వచ్చేస్తుంది.

యంత్రం మనిషిని అడగకపోవడం కొత్త సంగతేమీ కాదు. 1955లో అమెరికాలో జెనిత్ కంపెనీకి యూజీన్ పాలీ చేసిన ఫ్లాష్‌మాటిక్, తీగ లేకుండా పనిచేసిన తొలి టీవీ రిమోట్లలో ఒకటి. టీవీ నాలుగు మూలలా వెలుతురును పసిగట్టే కళ్లు ఉండేవి. చేతిలోని లైటును ఒక్కో మూలకు చూపిస్తే ఒక్కో పని జరిగేది. కానీ కిటికీలోంచి ఎండ పడినా ఛానెల్ మారిపోయేది. సూర్యుడికీ ఇంటి యజమానికీ ఆ టీవీ తేడా చూడలేదు. మరుసటి ఏడాది రాబర్ట్ ఆడ్లర్ వెలుతురు మానేసి, మన చెవికి అందని శబ్దంతో పనిచేసే రిమోట్ తెచ్చాడు. ఎంత మార్చినా ఒకటి మారలేదు. పిలుపు సరిగ్గా ఉంటే పని జరిగి తీరుతుంది. యంత్రానికి కాదు అనడం రాదు.

అయ్యప్ప సొసైటీలో నేను ఉన్న హాస్టల్ గది నలుగురిది. అక్కడ ఏసీ అంటే ఎంత ఆశో ఈ ప్రాంతంలో పనిచేసినవాళ్లకే అర్థమవుతుంది. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు మాదాపూర్ చుట్టూ ఎక్కువగా బండరాళ్లే. ఇప్పుడు రాయదుర్గం దాకా, నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల భవనాలు. ఆ భవనాల్లో చల్లదనం ఎవరి చేతిలోనూ ఉండదు. అదంతా కింద ఎక్కడో ఉన్న పెద్ద యంత్రాల పని. చలేస్తే శాలువా తెచ్చుకోవాలి, ఉక్కపోస్తే ఫెసిలిటీస్ వాళ్లకు టికెట్ పెట్టి ఎదురుచూడాలి. రోజంతా ఎవరో నిర్ణయించిన చలిలో కూర్చుని వచ్చిన అమ్మాయికి, రాత్రి గదిలో ఒక అంకె తన ఇష్టప్రకారం మారుతుందంటే అది చిన్న సంతోషం కాదు.

మా హాస్టల్లో రిమోట్ మాత్రం గదిలో ఉండేది కాదు. కింద హాస్టల్ నడిపే ఆంటీ బీరువాలో ఉండేది. రాత్రి పదికి పైకి వచ్చి ఏసీ వేసి, పొద్దున్నే వచ్చి ఆపేసి వెళ్లేవారు. నా ఫోన్‌తో ఆ ఏసీ నడుస్తుందని తెలిసిన సాయంత్రమే నేను కిందికి వెళ్లి చెప్పాను. "ఆంటీ, రిమోట్ మీ దగ్గరున్నా మా ఫోన్‌తో ఏసీ పనిచేస్తోంది. మీకు చెప్పకుండా వాడటం బాగుండదని వచ్చాను." ఆవిడ కాసేపు ఫోన్ వంకే చూశారు. "నువ్వు చెప్పావు గనక సరే. మిగతా గదుల వాళ్లు చెప్పరుగా! ఇరవై నాలుగు కిందికి దించకండమ్మా, బిల్లు నేను కట్టాలి" అన్నారు. ఆ 24 ఆవిడ మనసుకు తోచిన అంకె కాదు. స్టార్ గుర్తున్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి 1 నుంచి కేంద్రం నియమం పెట్టింది. ఒక్క డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతుంది. 

అక్కడితో యజమాని సంగతి తేలింది. ఎవరు నొక్కవచ్చన్నది తేలింది. అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది.

నాలుగో మంచం సరిగ్గా ఏసీ కింద ఉండేది. దాని మీద కర్నూలు అమ్మాయి. అమెరికా వేళలకు పనిచేసే ప్రాసెస్‌లో ఉద్యోగం. తెల్లవారుజామున క్యాబ్ దింపితే వచ్చి, మేం లేచే వేళకు పడుకునేది. శుక్రవారాలు మేం ముగ్గురం గది నుంచే పనిచేసేవాళ్లం. ఏప్రిల్ ఎండలో మధ్యాహ్నం గోడలు కాలుతుంటే తలుపు పక్క మంచం అమ్మాయి అనేది, "అక్కా, కాస్త తగ్గించవా, చచ్చిపోతున్నాం." నాలుగో మంచం మీది అమ్మాయి తల మీద దాకా దుప్పటి లాక్కుని పడుకుని ఉండేది. ఏసీ కాదనదు. నిద్రపోతున్న మనిషి కూడా కాదనలేదు. ఏసీ బీప్‌మని ఒప్పుకున్నట్టు చప్పుడైనా చేస్తుంది, ఈ అమ్మాయి అదీ చేయదు. గదిలో కాదు అనగలిగింది ఇక ఒక్కటే, ఫోన్ పట్టుకున్న నా చెయ్యి.

నేను ఆగి, సాయంత్రం ఆ అమ్మాయి లేచాక అడిగాను. "నీకు ఎంతలో ఉంటే బాగుంటుంది?" ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. "నాకు ఇరవై ఆరైతే చాలక్కా. అయినా మీరు ముగ్గురుంటిరి, మీ ఇష్టం. దుప్పటి కప్పుకుంటాలే, నాకు అలవాటే." అలవాటే అన్నమాట దగ్గర నా మనసు ఆగిపోయింది. నేను ఆ గదిలోకి రాకముందు నుంచీ ఆ మంచం మీద ఉంటోంది. చలి ఎవరి వీపు మీద పడుతోందో ఆ మనిషిని ఒక్కరైనా అడిగిన పాపాన పోలేదు. చెడ్డవాళ్లు ఎవరూ లేరు ఆ గదిలో. అడగాలన్న ఆలోచన రాకపోవడానికి చెడ్డతనం అక్కర్లేదు, నొక్కగానే పని జరిగిపోతే చాలు.

ఇక్కడ ఏసీ రిమోట్ గురించి ఒక సంగతి చెప్పాలి, టీవీ రిమోట్‌కు ఇది లేదు. టీవీ రిమోట్ "శబ్దం కాస్త పెంచు" అంటుంది. చాలా ఏసీ రిమోట్లు అలా ఒక్క ముక్క పంపవు. ఏ మీట నొక్కినా మొత్తం చిట్టా పంపుతాయి. చల్లదనం ఎంత, ఫ్యాను ఎంత వేగం, రెక్కలు ఊగాలా వద్దా, అన్నీ. పైగా ఏసీ నుంచి రిమోట్‌కు తిరుగు జవాబు ఉండదు. రిమోట్ తెర మీద కనిపించే అంకె గది స్థితి కాదు, ఆ రిమోట్ తాను చివరిసారి చెప్పినదాని జ్ఞాపకం. మా గదిలో రెండు ఫోన్లకు ఆ చుక్క ఉండేది. నా ఫోన్ 26 అంటుంటే ఇంకో ఫోన్ నిన్నటి 20 దగ్గరే ఉండేది. ఆ రెండో ఫోన్ ఉన్న అమ్మాయి ఫ్యాను వేగం ఒక్కటి మార్చుదామని నొక్కితే నిన్నటి 20 కూడా దానితోపాటు వెళ్లిపోయేది. తాను చలి పెంచుతున్నానని ఆ పిల్లకు తెలియదు. పాత కోరిక ఒకటి, ఇవాళ్టి గది ఎలా ఉందో చూడకుండానే, ఇవాళ పడుకున్న మనిషి మీద పడేది. మనుషుల మధ్య జరిగే అన్యాయాల్లో చాలా వాటిని నేను ఇలాగే అర్థం చేసుకుంటాను.

టీవీ-బీ-గాన్ అనే చిన్న పరికరం ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండే మిచ్ ఆల్ట్‌మన్ 2004లో అమ్మకానికి తెచ్చాడు. తాళాలగుత్తికి తగిలించుకుని మీట నొక్కితే రకరకాల కంపెనీల టీవీల పవర్ సంకేతాలను వరసగా పంపుతుంది, ఎదురుగా ఉన్న టీవీ ఆరిపోతుంది. స్నేహితులతో హోటల్లో కూర్చుంటే అందరి కళ్లూ టీవీ మీదే ఉండటం ఆయనకు నచ్చలేదు. ఆ బాధ నాకూ ఉంది. మాదాపూర్ టిఫిన్ సెంటర్లో రాత్రిపూట న్యూస్ ఛానెల్ అరుపుల మధ్య మాట వినబడక, నా సహోద్యోగి ఒకతను ఫోన్ తీసి "ఆపేయనా?" అన్నాడు. పెనం దగ్గర నిలబడ్డ దోశ మాస్టర్ వైపు చూడమన్నాను. గంటల తరబడి ఆ పొగలో నిలబడే మనిషి, పిండి తిప్పుతూ మధ్యమధ్య తల ఎత్తి తెర వంక చూస్తున్నాడు. మాకు అది గోల, ఆయనకు అదొక్కటే బయటి ప్రపంచం. వెళ్లి "అన్నా, కాస్త సౌండ్ తగ్గిస్తావా" అంటే తగ్గించాడు. ఆల్ట్‌మన్ ఆశయం మంచిదే. కానీ ఎవరు చూస్తున్నారో చూడకుండా ఆర్పేవాడు, ఎవరికి కావాలో చూడకుండా వేసినవాడి లాంటివాడే.

దేవుడి దగ్గరికి ఈ ప్రశ్నను తీసుకెళ్లింది మా పెద్దబాపు. సిరిసిల్లలో మగ్గం ఇంట్లో పుట్టి, సంస్కృతం నేర్చుకుని, బడిలో తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. మా వంశంలో శాస్త్రం తెరిచి చదివిన మొదటి మనిషి. ఫోన్‌తో ఆయన ఇంటి టీవీ ఆపి చూపిస్తే, ఎలా పనిచేస్తుందో అంతా చెప్పించుకుని అన్నారు, "ఇది మీమాంసకుల యజ్ఞమే గద బిడ్డా."

ఆయన చెప్పింది ఇది. జైమిని పరంపరలో, ముఖ్యంగా శబరుడి భాష్యంలో, యజ్ఞానికి ఫలం దేవత ఇష్టపడి ఇచ్చేది కాదు. దేవతకు శరీరం లేదు, హవిస్సు తినదు, సంతోషపడి వరమివ్వదు. కర్మను విధి ప్రకారం చేస్తే అపూర్వం అనే కనబడని శక్తి పుడుతుంది, అది కాలం వచ్చినప్పుడు ఫలాన్ని తెచ్చిపెడుతుంది. మంత్రం తప్పు పోకూడదు, క్రమం తప్పకూడదు. తప్పకపోతే ఫలం తప్పదు. వేదాంతులు దీన్ని ఒప్పుకోలేదు. బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయంలో ఈ వాదం ఎదురెదురుగా ఉంటుంది. ధర్మమే ఫలమిస్తుందని జైమిని అంటాడని చెప్పి, కాదు, ఈశ్వరుడే ఇస్తాడని బాదరాయణుడు నిలబడతాడు. "దేవుడు ఇస్తడా, చేసిన పని ఇస్తదా? వెయ్యేండ్లకు మించిన కొట్లాట ఇది" అన్నారు పెద్దబాపు.

ఎవరు నొక్కినా పనిచేసే రిమోట్‌కూ, విధి ప్రకారం చేస్తే ఫలించే యజ్ఞానికీ ఒక పెద్ద తేడా ఉందని కూడా ఆయనే చూపించారు. మీమాంసా సూత్రాల్లో ఆరో అధ్యాయం ఎవరు చేయవచ్చు, ఎవరు చేయకూడదు అన్న విచారమే. అక్కడ బాదరి అనే ఆచార్యుడు అందరికీ అర్హత ఉందన్నాడు. జైమిని ఒప్పుకోలేదు. శూద్రుడిని బయట నిలబెట్టాడు. "గీడ మనల్ని గుమ్మం అవతల్నే ఆపిండ్రు, చూడు" అని పెద్దబాపు పుస్తకంలో ఆ చోటు మీద వేలు పెట్టి చూపించారు. ఆయన గొంతులో కోపం కన్నా బాధ ఎక్కువ. ఆ వేలు చూశాక నాకు ఒకటి స్పష్టమైంది. 32 బిట్లలో పిలిచినవాడి పేరుకు చోటు లేకపోవడం లోపమేమీ కాదు. నువ్వెవరు అన్న ప్రశ్న మన దేశంలో ఎన్ని తలుపులు మూసిందో తెలిసినవాళ్లకు, ఆ ప్రశ్నే అడగని వెలుతురు ఒక ఊరట. లోపం రెండో ఖాళీలో ఉంది. ఎవరి మీద పడుతుందన్నది జైమినీ అడగలేదు, రిమోటూ అడగదు.

చిలుకూరు బాలాజీ గుడిలో నాకు నచ్చేది కూడా మొదటి ప్రశ్న అడగకపోవడమే. గండిపేట చెరువు దగ్గరి ఆ గుడిలో హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు. టీమ్ లీడ్ అయినా, ఆ ఆఫీసులో నేల తుడిచే అమ్మ అయినా ఒకే వరసలో తిరగాలి. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. అంకెలు అచ్చేసిన కాగితం పట్టుకుని, ఒక్కో చుట్టుకు ఒక్కో గీత కొట్టుకుంటూ నడుస్తారు. హైటెక్ సిటీ నుంచి వెళ్లేవాళ్ల కోరిక ఏమిటో ఆ దేవుడికి ఉన్న వీసా బాలాజీ అన్న పేరే చెబుతుంది. 

ఆ 11ని సంకేతంగా, 108ని రశీదుగా చూసేవాళ్లున్నారు. ఆఫీసులో ఒకమ్మాయి "అక్కా, నువ్వు సరిగ్గా లెక్కపెట్టి ఉండవు, అందుకే రాలేదు" అని స్నేహితురాలితో అనడం విన్నాను. బిట్ చెడింది కాబట్టి టీవీ వదిలేసిందన్నట్టు. నేను దీన్ని ఒప్పుకోలేను. హెచ్-1బీ వీసాలు ఏడాదికి 65 వేలు, అక్కడ మాస్టర్స్ చదివినవాళ్లకు మరో 20 వేలు. అడిగేవాళ్లు అంతకన్నా చాలా ఎక్కువ కాబట్టి లాటరీ తీస్తారు. నా పక్కన తిరుగుతున్న మనిషి అడిగేదీ నేను అడిగేదీ ఒకే సీటు. నా 11 చుట్లకు దేవుడు తప్పనిసరిగా పలకాలంటే, ఆ పలుకు నా ముందు నడిచే ఒక తల్లి కొడుకు మీద పడుతుంది. సరిగ్గా తిరిగిన ప్రతివాళ్లకూ ఇచ్చితీరే దేవుడైతే, ఆయన మా గది ఏసీ లాంటివాడే, చివర నొక్కినవాళ్ల మాటే చెల్లుతుంది. నేను నమ్మే దేవుడు కాదు అనగలడు. నాలుగు మంచాలూ ఆయనకు కనిపిస్తాయి కాబట్టే అనగలడు. రామానుజుల దారివాళ్లు కర్మ చూసి భగవంతుడే ప్రీతితో ఫలమిస్తాడని చెప్పినదాంట్లో నాకు కనిపించే ధైర్యం ఇదే. ప్రీతి ఉన్నచోటే నిరాకరణకు అర్థం ఉంటుంది. బీప్‌మనే యంత్రానికి ప్రీతి లేదు, నిరాకరణా లేదు.

రాయదుర్గం వైపు ఎత్తైన భవనాల పై అంతస్తుల నుంచి చూస్తే గోల్కొండ కనిపిస్తుంది. కంచర్ల గోపన్నను, మనం రామదాసు అనే మనిషిని, అక్కడే బంధించారు. కోటలో ఆయన చెర అని చూపించే చీకటి గదీ, గోడ మీద ఆయన చెక్కాడని చెప్పే బొమ్మలూ ఉన్నాయి. కుతుబ్‌షాహీల చివరి రాజు తానీషా కాలంలో ఆయన పాల్వంచ తహసీల్దారు. రైతుల నుంచి వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు. డబ్బు చేతిలో ఉంది, పని మంచిది, పెట్టె తెరిస్తే డబ్బు కాదనదు. దైవకార్యమే అయినా, ఖజానా ఎవరిదన్నది అడగకుండానే ఖర్చయింది. పన్నెండేళ్లు చెరలో ఉన్నాడని మన కథ.

ఆ పన్నెండేళ్లూ ఆయన అడుగుతూనే ఉన్నాడు. సీతమ్మకు చేయించిన నగలకు, లక్ష్మణుడికి చేయించిన పతకానికి ఎంతయిందో లెక్కలు చెప్పి నిలదీశాడు. కోపంలో మాట జారి, మళ్లీ మన్నించమని వేడుకున్నాడు. నాకు ఆ కీర్తనల్లో అన్నిటికన్నా విలువైంది అటు వైపు మౌనం. ఎంత పాడినా, ఎంత శుద్ధంగా పాడినా తాళం ఊడలేదు. అది సంకేతం కాదు కాబట్టి ఊడలేదు, అది ప్రార్థన కాబట్టి. ఇక చివరికి జరిగిందని కథ చెప్పేదాన్ని మనం చిన్నప్పటి నుంచీ విన్నాం, కానీ దాని వివరం మీద ఎక్కువమంది ఆగరు. రాముడు తలుచుకుంటే ఆ తాళం అయోధ్య నుంచే తెరుచుకునేది. అలా చేయలేదు. రాత్రివేళ తమ్ముడితో కలిసి రామోజీ, లక్ష్మోజీ అన్న పేర్లతో మామూలు మనుషుల్లా తానీషా పడకగదికి వెళ్లాడు. ఆరు లక్షల మొహరీలు లెక్కపెట్టి కట్టాడు. రశీదు రాయించుకున్నాడు. ఆ రశీదు తెచ్చి చెరలో గోపన్న దగ్గర పెట్టాడు. ఎవరికి బాకీ ఉందో ముందు ఆయనకు చెల్లింది, తర్వాతే భక్తుడి తలుపు తెరుచుకుంది. పైగా ఆ బాకీ రావాల్సినవాడు వేరే మతం రాజు. మన జనం అల్లుకున్న కథల్లో దేవుడి న్యాయాన్ని ఇంత వివరంగా చెప్పింది ఇంకొకటి నాకు తెలియదు. దూరం నుంచి ఆజ్ఞతో పని కానివ్వని దేవుడు, తానే నడిచివెళ్లి, ఆ పని ఎవరి మీద పడిందో వాళ్ల గుమ్మం ఎక్కాడు.

ఇప్పుడు మా ఆఫీసుకు వస్తున్న కొత్త ఏసీలకు వైఫై ఉంది. పాత పరారుణ కన్ను ఉన్నా, అసలు పని ఖాతాతో, పాస్‌వర్డ్‌తో, ఫోన్ నంబరుకు వచ్చే ఓటీపీతో నడుస్తుంది. పిలిచిందెవరో యంత్రానికి బాగా తెలుసు. ఏ రోజు ఏ నిమిషాన ఎవరు ఏ అంకె పెట్టారో సర్వర్లో రాసి ఉంటుంది. దీన్ని భద్రత అంటారు, అది నిజమే. కానీ మొదటి ఖాళీ నిండింది గానీ రెండోది ఇంకా పెద్దదైంది. పాత రిమోట్‌కు గోడ అడ్డం. నొక్కాలంటే కనీసం ఆ గదిలోనో దాని కిటికీ ముందో నిలబడాలి, దుప్పటి కప్పుకున్న మనిషి కళ్లబడుతుంది. ఇప్పుడు మియాపూర్‌లో సోఫాలో కూర్చుని గచ్చిబౌలిలోని గదుల చల్లదనం మార్చవచ్చు. నా స్నేహితురాలు ఉంటున్న ఒక హాస్టల్లో యజమాని అలాగే చేస్తాడు. రాత్రి రెండింటికి ఏసీ ఆగిపోతుంది. అడ్డొచ్చేవాళ్లు లేరు, హక్కు ఆయనదే, ఖాతా ఆయనదే. జ్వరంతో ఉన్న అమ్మాయి ఆ వేళ ఆయనకు ఫోన్ చేయాలి. ఆయన ఎత్తితే ఎత్తుతాడు.

మేం పరీక్షిస్తున్న యాప్ కూడా ఆ కోవదే. దాని మీద డిజైన్ సమీక్ష జరిగినప్పుడు నేను ఒకటి అడిగాను. గదిలో ఉన్న మనిషి ఏసీ మీదున్న మీట చేత్తో నొక్కితే, కొన్ని గంటల పాటు దూరం నుంచి వచ్చే ఏ ఆజ్ఞా చెల్లకూడదు, అది యజమానిదైనా సరే. యాప్‌లో ఆయనకు "గదిలో ఉన్నవారు వద్దన్నారు" అని కనబడాలి. ఇది ఎవరు కొంటారని ఒకరు అడిగారు. కొనేవాడు యజమాని, గదిలో పడుకునేవాళ్లు కాదు కదా అని. ఆ మాట నిజం, అందుకే అడిగానన్నాను. పాత ఎన్‌ఈసీ చిట్టా బోర్డు మీద గీసి, పడుకున్న మనిషికి ఇందులో చోటెక్కడో చూపించమన్నాను. ఇప్పుడు చేస్తున్న కొత్త చిట్టాలో మనకు కావలసినన్ని బిట్లున్నాయి, వాటిలో ఒక్కటి ఆ మనిషి కాదు అన్నదానికి ఇద్దామన్నాను. మా మేనేజరు కాసేపు ఆలోచించి ఆ అంశాన్ని తర్వాతి విడుదల జాబితాలో రాయించారు. జాబితాలో అది కింద ఉంది. ప్రతి వారం సమావేశంలో దాన్ని ఒక మెట్టు పైకి జరపమని అడుగుతున్నాను. ఈ వారం ఇద్దరు నాతోపాటు అడిగారు.